ఎనిమిది మందికీ ఒకే నంబరు

మా తోడల్లుడు మంచివాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పావుగంట పట్టింది. అతను మంచివాడు కాకపోయి ఉంటే నా బతుకు ఇంకాస్త హాయిగా గడిచేదని కూడా ఇక్కడే రాసేస్తే, తర్వాత దాచుకోవలసిన పని ఉండదు.

మా కార్ఖానాలో అందరూ అతన్ని నిదానం అని పిలుస్తారు. నన్ను వెనకాల చిటపట అంటారట. కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసే కార్ఖానా అది. దుకాణాల నుంచి చీటీలు వస్తాయి, ఫలానా మనిషికి కుడి కంటికి ఇంత, ఎడమ కంటికి ఇంత అని. వరుసగా ఎనిమిది మిషన్లు ఉన్నాయి. ఏ మిషను ఏ అద్దాన్ని ఎంత వంపుకి అరగదీయాలో వెనక గదిలోని కంప్యూటరు చెబుతుంది. ఆ కంప్యూటరుకి చెప్పేది నేను రాసిన ప్రోగ్రాం. ఈ సంగతి జరిగేనాటికి పదకొండేళ్ళుగా అదే నడుస్తోంది.

నిదానం వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఒక మేడమెట్ల కింద దుకాణం, ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాలి. అక్కడ పెరిగినందువల్ల నిదానానికి ఒక అలవాటు అబ్బింది. ఏది విప్పినా జేబురుమాలు పరిచి, స్క్రూలన్నీ విప్పిన వరుసలోనే పేర్చుకుంటాడు. చదువు సగంలో మానేశాడు. గ్రంథాలయంలో పాత కంప్యూటర్లు తుడిచే పనికి చేరి, తుడుస్తూ తుడుస్తూ వాటి సంగతంతా నేర్చుకున్నాడు. నా పట్టాలు గోడమీద అద్దం వెనక ఉన్నాయి. అతని దగ్గర గోడకి తగిలించుకోవడానికి ఒక్క కాగితం లేదు. అయినా ఏ తలుపు తట్టినా అతనికి తెరుచుకుంటుంది. ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆరేళ్ళపాటు మా అత్తగారింటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. పెద్దమ్మాయి నా భార్య. తర్వాత చిన్నమ్మాయికి ఇతనితో పెళ్ళయింది. మొదటిసారి ఆ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడే ఇతను గోడ గడియారం దించి, రుమాలు పరిచి, అరగంటలో దాన్ని నడిపించాడు. ఆ గడియారం కింద నేను ఆరేళ్ళు భోంచేశాను. అది ఆగిపోయి ఉందన్న సంగతే గమనించలేదు. "చిన్నల్లుడి చేతిలో ఏదో ఉందమ్మా," అంది అత్తగారు. నా చేతిలో ఉన్నది అన్నం ముద్ద.

అతన్ని కార్ఖానాలో చేర్చింది నేనే. గ్రంథాలయం జీతం ఏం సరిపోతుంది, మీ ఆఫీసులో చూడండి అని మా ఆవిడ పోరింది. చూశాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. నా ప్రోగ్రాం ఒక్కటే అయినా ఎనిమిది మిషన్లతో ఒకేసారి మాట్లాడాలి. అందుకని దాని లోపల ఎనిమిది పనులు పక్కపక్కనే నడుస్తుంటాయి. వాటిని థ్రెడ్లంటారు, నేను మాత్రం పనివాళ్ళనే అంటాను. ఆ పనివాళ్ళని పుట్టించి, వరుసలో పెట్టి, పనయ్యాక ఇంటికి పంపే ఏర్పాటు కంప్యూటరుని నడిపే ఆపరేటింగ్ సిస్టంతోనే వస్తుంది. దానిపేరు థ్రెడ్ లైబ్రరీ. నేను ప్రోగ్రాం రాసిన రోజుల్లోని లైబ్రరీకి ఒక చాదస్తం ఉండేది. ఒకే ప్రోగ్రాంలోని పనివాళ్ళయినా సరే, వేరువేరు ప్రోగ్రాములన్నట్టు ఒక్కొక్కడికి ఒక్కో నంబరు ఇచ్చేది. ప్రోగ్రాం ఆపమంటే ఒకడు ఆగేవాడు, మిగతా ఏడుగురూ వేలాడుతూ ఉండేవాళ్ళు. రోజూ పొద్దున్నే వాళ్ళని నంబరు పెట్టి పిలిచి, ఒక వరుసలో ఒక్కొక్కణ్ణే ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి. వరుస తప్పితే మిషన్లు మొరాయిస్తాయి.

ఆ వరుస నాకొక్కడికే తెలుసు. ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. నేను సెలవు పెడితే ఎనిమిదింటికల్లా ఇంట్లో ఫోను మోగేది. మా ఆవిడ విసుక్కునేది గానీ, ఆ మోత వింటే నాకు కడుపు నిండినట్టుండేది.

అలాంటి సమయంలో పాత కంప్యూటరు ముసలిదైపోయింది. మా గదికి పెద్దగా ఉన్నాయన కూడా అప్పుడే పదవీ విరమణ చేశాడు. మా యజమానురాలు మమ్మల్నందరినీ పిలిచి, కొత్త కంప్యూటరు, కొత్త సిస్టం పెట్టాలనీ, ఆ మార్పు ఒడిదుడుకులు లేకుండా చేసినవాళ్ళకే ఆ పెద్ద కుర్చీ ఇస్తాననీ చెప్పింది. చెబుతూ నావైపు కాదు, నిదానం వైపు చూసింది. పదిహేడేళ్ళ సర్వీసు నాది, నాలుగేళ్ళది అతనిది. ఆ కుర్చీ నాది అని నేను ఎప్పుడో లోపల రాసేసుకున్నాను.

"కొత్త లైబ్రరీతో ఒక లాభం ఉంది మేడం," అన్నాడు నిదానం. "ఒక్క మాటతో ఎనిమిదిమందీ ఆగుతారు. పొద్దున్నే అన్నయ్యకి ఆ తిప్పలు తప్పుతాయి."

నాకు తిప్పలు తప్పించాలనే అన్నాడు, అది నాకూ తెలుసు. ఆ ఒక్క మాటతో నా పదకొండేళ్ళ పరపతి గాల్లో కలిసిపోయింది. ఆ రాత్రి నేను మా ఆవిడతో మీ చెల్లెలి మొగుడు వట్టి అమాయకుడు కాదు, నోట్లో వేలు పెడితే కొరకనట్టు కనపడతాడంతే అన్నాను. "మీకెప్పుడూ అతని మీద ఏడుపే," అని అటు తిరిగి పడుకుంది.

మరుసటి గురువారం మధ్యాహ్నం టీ గ్లాసుతో నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నయ్యా, ఒక్క అనుమానం. మీ ప్రోగ్రాంలో ఎక్కడన్నా పనివాడి నంబరుని దేనికైనా వాడారా? కొత్తదాంట్లో ఎనిమిదిమందికీ కలిపి ఒకే నంబరు వస్తుంది. పాతదాంట్లోలాగా విడివిడిగా రాదు."

"నేనేమన్నా నిన్నగాక మొన్న నేర్చుకున్నానా? అలాంటివేం లేవు," అన్నాను.

"సరే అన్నయ్యా. ఆరువేల లైన్లు, మీరు చెప్పాక ఇంక చూడక్కర్లేదు," అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికి అది అబద్ధం కాదు, పొగరు. వీడెవడు నన్నడగడానికి అన్న పొగరు. కానీ సాయంత్రం అందరూ వెళ్ళాక మనసాగక ఫైలు తెరిచాను. నాలుగో పేజీలోనే ఉంది. ప్రతి పనివాడూ తన మిషనుకి పంపవలసిన కొలతలని ముందు ఒక చిన్న చీటీలాంటి ఫైలులో రాసుకుంటాడు. ఆ చీటీకి పేరేం పెట్టాలా అని అప్పట్లో ఆలోచించి, ఎలాగూ ఒక్కొక్కడికీ వేరే నంబరు ఉందిగదా అని ఆ నంబరునే పేరుగా పెట్టేశాను. ఒక్క లైనులో పని అయిపోయిందని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు అందరికీ ఒకే నంబరొస్తే చీటీ కూడా ఒక్కటే అవుతుంది. ఒకడు రాసింది పంపేలోపు ఇంకొకడు దానిమీదే తనది రాసేస్తాడు. ఒకరి అద్దం ఇంకొకరి కొలతకి అరుగుతుంది.

చేయవలసిందల్లా ఫోను తీసి తమ్ముడూ, ఒకటుంది, నేను మరిచిపోయాను అనడమే. పది సెకన్ల పని. నేను ఫైలు మూసేసి ఇంటికి పోయాను.

శుక్రవారం చెప్పలేదు. శనివారం చెప్పలేదు. ఆదివారం కొత్త కంప్యూటరు పెట్టి పరీక్ష చేస్తున్నప్పుడు పక్కనే నిలబడ్డాను. ఆరు మిషన్లని నూనె వేయడానికి విప్పి పెట్టారు కాబట్టి మిగిలిన రెండింటినే, అదీ ఒకదాని తర్వాత ఒకటి నడిపి చూశాడు. అన్నీ సరిగ్గా వచ్చాయి. రావడంలో వింతేముంది, ఒక్కడే రాస్తుంటే చీటీ చెరిపేవాడెవడు? "బాగానే ఉన్నట్టుందా అన్నయ్యా?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. ఆ మాట మాత్రం పొగరు కాదు, అబద్ధం.

ఎందుకలా చేశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు చిన్నదే. అతను ఒక్కసారి తప్పు చేయగా చూడాలనిపించింది. అందరి ముందూ, మా అత్తగారికి కూడా తెలిసేలాగ. ఒక్కసారి చాలనుకున్నాను.

సోమవారం ఎనిమిది మిషన్లూ కలిసి నడిచాయి. అరిగిన అద్దాన్ని దానిమీద అంటించే కాగితంతో సరిచూసే మనిషి ఉంటాడు గానీ, ఆ కాగితం కూడా అదే చీటీ చూసి అచ్చవుతుంది. రెండూ ఒకే తప్పు చెప్పడంతో అన్నీ సరిగ్గా ఉన్నట్టే దాటిపోయాయి. బుధవారం పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. ఒక వ్యాను డ్రైవరు గేటు రెండుగా కనపడి, లేనిదాన్ని తప్పించి ఉన్నదాన్ని గుద్దాడట. ఒక మంగలి తన కొత్త జోడు పెట్టుకుని ఎవరి మీసమో సగం తీసేశాడట. సాయంత్రానికి లెక్క తేలింది, నలభై మూడు జతలు.

నేను తేలు కుట్టిన దొంగలాగ నా బల్ల దగ్గర కూర్చున్నాను. నిదానం ఎవరినీ ఏమీ అనలేదు. పొద్దున ఫోన్లు మొదలవగానే ముందు పాత లైబ్రరీని తెచ్చి కొత్త కంప్యూటరులోనే ఒక పక్కన పెట్టి, నా ప్రోగ్రాంకి మాత్రం అదే కనపడేలా చేశాడు. మిగతావన్నీ కొత్తదాంతోనే నడిచాయి. మధ్యాహ్నానికల్లా మిషన్లు మళ్ళీ సరైన అద్దాలు తీశాయి. అప్పుడు కూర్చుని నా ఆరువేల లైన్లూ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆ లైను దొరకడం నేను చూశాను. మెడ కొంచెం ముందుకి వంగింది, అంతే. నావైపు తిరగలేదు.

యజమానురాలు ఇద్దరినీ గదికి పిలిచింది.

"ఎవరి తప్పు ఇది?"

"నాదే మేడం. ప్రోగ్రాం మొత్తం చూడకుండా మార్చేశాను. చూసి ఉండాల్సింది," అన్నాడు నిదానం.

ఆవిడ నావైపు చూసింది. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నా నోరు తెరుచుకోలేదు. "తొందరపాటు మనిషికి పెద్ద కుర్చీ ఎలా ఇస్తాను చెప్పు," అని అతనితో అంది. పుట్టి బుద్ధెరిగి ఎవరూ అతన్ని తొందరపాటు మనిషి అని ఉండరు. ఆ వారంలోనే కుర్చీ నాకిచ్చింది. ఆ కుర్చీ చక్రాల్లో ఒకటి సరిగ్గా తిరగదని కూర్చున్నాక తెలిసింది.

కొత్తగా చేసిన నలభై మూడు జతలనీ ఇళ్ళకి వెళ్ళి ఇచ్చి, క్షమాపణ చెప్పి రమ్మని ఆవిడ మా ఇద్దరినీ పంపింది. మూడు రోజులు బస్సుల్లో, కాలినడకన తిరిగాం. అట్టపెట్టె అతను మోశాడు, చిరునామాల కాగితం నేను పట్టుకున్నాను. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే తంతు. తలుపు తీస్తారు, తిట్టడానికి నోరు తెరుస్తారు. "తప్పు నాదేనండి. మీ కొలత ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఒకసారి ఇది పెట్టుకుని చూడండి," అంటాడు ఇతను. పెట్టుకుంటారు, చూస్తారు, చల్లబడతారు. మంగలయితే కూర్చోబెట్టి గడ్డం కూడా గీశాడు. నాకు గీస్తానని అనలేదు.

నవ్వుతారేమో గానీ, ఆ మూడు రోజులూ నాకు అతన్ని చూసి అసూయే. తప్పు నాది. దాన్ని నలభై గుమ్మాల్లో చెప్పుకుని తేలికపడుతున్నది అతను. నా తప్పుతో కూడా మంచి పేరు తెచ్చుకుంటున్నాడే అనిపించింది. సిగ్గు దాని వెనకాల వచ్చింది, కొంచెం ఆలస్యంగా.

ఆఖరిది ఒక రిటైరయిన హెడ్మాస్టరమ్మ ఇల్లు. రెండో అంతస్తు. ఆవిడ కుడి మణికట్టుకి కట్టు ఉంది. తప్పుడు జోడుతో మెట్లు దిగుతూ ఒక మెట్టు తక్కువ లెక్కపెట్టి పడిపోయిందట. కొత్తది ఎడమ చేత్తోనే పెట్టుకుని, కిటికీ దగ్గర పేపరు చదివి చూసుకుంది. తర్వాత మా ఇద్దరినీ విద్యార్థుల్ని చూసినట్టు చూసి, "ఇద్దరిలో చేసిందెవరు?" అని అడిగింది.

"నేనేనండి," అన్నాడు నిదానం.

"ఆ చెప్పేవాడు సరే. ఈయనేం మాట్లాడడే?" అంది.

కిందకి దిగాం. ఎదురుగా మూసేసిన కొట్టు, దాని అరుగు. కూర్చున్నాను. ఖాళీ పెట్టె పక్కన పెట్టి అతనూ కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఆ లైను సంగతి నాకు తెలుసు. నువ్వడిగిన రోజే చూశాను. చెప్పలేదు," అన్నాను.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"బుధవారం నుంచి. లైను దొరికాక ఫైలు తేదీ చూశాను. గురువారం సాయంత్రం ఆరుంబావు. నేను మిమ్మల్ని అడిగింది ఆ మధ్యాహ్నమే. అక్షరం మార్చలేదు, ఊరికే తెరిచి సేవ్ కొట్టి మూశారు. మీకది అలవాటు."

"మరి మేడంతో చెప్పొచ్చుగా. నేనక్కడే ఉన్నాను. కుర్చీ నీకే వచ్చేది."

"చెబితే ఇంట్లో తెలుస్తుంది." అతను రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు. "అప్పుడు మా పెళ్ళిలో మీరన్న ఒక్క మాటకి అక్కాచెల్లెళ్ళు రెండేళ్ళు మాట్లాడుకోలేదు. ఆ రెండేళ్ళూ మా ఆవిడ వంటింట్లో ఏడవని రోజు లేదు. మళ్ళీ అది చూడలేను. మీ కోసం చేశాననుకునేరు. మీ కోసం కాదు."

ఇప్పటికి పద్నాలుగేళ్ళయిన మా బంధుత్వంలో అతను నాతో అన్న ఒకే ఒక్క కటువైన మాట అది. దాన్ని కూడా గొంతు పెంచకుండా అన్నాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడిగింది అతను. పోనీ, కడిగింది నా కాలన్న సంతృప్తి కూడా నాకు మిగల్లేదు.

"రేపే మేడంతో నిజం చెప్పేస్తాను. కుర్చీ నువ్వు తీసుకో," అన్నాను.

"వద్దు. మీరు చెబితే మాత్రం ఇంట్లో తెలియదా? మీరే కూర్చోండి. నాకు ఆ కుర్చీ మీద ఎప్పుడూ మోజు లేదన్నయ్యా. నన్నడిగుంటే ఆ మొదటి రోజే వద్దని చెప్పేవాణ్ణి." లేచి పెట్టె చంకలో పెట్టుకున్నాడు. "ఒకటి మాత్రం చెబుతున్నాను. ఇకమీదట పని విషయంలో మిమ్మల్ని ఏదీ అడగను. నేనే చూసుకుంటాను."

బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు.

ఇది జరిగి ఏడేళ్ళయింది. నా ప్రోగ్రాంలో ఆ ఒక్క లైనూ అతనే మార్చాడు. ఇప్పుడు చీటీకి మిషను నంబరు పేరు. పాత లైబ్రరీని ఎప్పుడో తీసేశాడు, ఒక్క మాటతో ఎనిమిదిమందీ ఆగుతున్నారు, పొద్దున్నే మా ఇంట్లో ఫోను మోగదు. అక్కాచెల్లెళ్ళు రోజూ గంటసేపు మాట్లాడుకుంటారు. కుటుంబంలో ఏ కార్యమైనా అతను నాకు ఎదురొచ్చి, అన్నయ్యా అని చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడుగుతాడు. గదికి పెద్దని నేను. కాగితాల మీద సంతకం నాది. ఎవరికి అనుమానమొచ్చినా నా బల్ల పక్కనుంచే నడుచుకుంటూ అతని బల్ల దగ్గరికి వెళతారు. అతనికి అనుమానమొస్తే మాత్రం ఎవరి దగ్గరికీ వెళ్ళడు. ఆరువేల లైన్లయినా, పదివేల లైన్లయినా, మొదటినుంచి చివరిదాకా తనే కూర్చుని చదువుకుంటాడు. నాకు తెలిసిన సంగతయినా సరే, నన్ను దాటి రెండు రోజులు వెతుక్కుంటాడు. నేను నా బల్ల దగ్గర కూర్చుని చూస్తుంటాను. అడిగితే ఈసారి నిజమే చెబుతాను. అడగడు.